పాతికేళ్ళకు దాల్చినచెక్క

ఓర్హూస్,
14 జనవరి 2018

గుద్రూన్ అత్తకి,

నువ్వు అల్లి పంపిన ఉన్ని మేజోళ్ళు అందాయి. ఒకటి రెండోదానికన్నా రెండు వేళ్ళు పొడుగుంది. ఏది ఏ కాలికో నువ్వు రాయలేదు కాబట్టి రోజు మార్చి రోజు వేసుకుంటున్నాను.

ఫోన్లో "బాగున్నా" అని తప్పించుకుంటానని, కాగితం మీదైతే అది కుదరదని అన్నావుగా. లేసో దీవిలో ముప్పై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచినదానివి. రిటైరయ్యాక నీ పెట్టెలో బిల్లులు తప్ప ఏమీ పడట్లేదని అసలు బాధ, నాకు తెలుసులే. సరే, రాస్తున్నాను.

హాస్టల్ బాగానే ఉంది. మా అంతస్తులో పన్నెండు గదులు, ఒక వంటగది. ఫ్రిజ్ మీద శుభ్రం చేసే వంతుల పట్టిక ఉంది. అందులో పదకొండు పేర్లున్నాయి. నేను చేరిన రోజునే తిల్దే అనే అమ్మాయి "నీకెందుకులే మారెన్, నువ్వు కూర్చో" అంది. అంటున్నప్పుడు దాని తల కుడి భుజం మీదికి వాలింది. అందరికీ అలాగే వాలుతుంది అత్తా. ముందు తల వాలుతుంది, తర్వాత గొంతు ఒక మెట్టు దిగుతుంది, ఆ తర్వాత "ఎలా... ఉన్నావు?" అని వస్తుంది. మధ్యలో ఆ ఆగడం చూడాలి, ఒక ట్రామ్ వెళ్ళిపోవచ్చు. నాతో పాటు కాలేజీలో చేరినవాళ్ళంతా డిగ్రీలు తీసుకుని వెళ్ళిపోయారు. ఒకతెకి కవలలు కూడా పుట్టారు. ఇప్పుడు నా పక్కన కూర్చునేవాళ్ళు నాకన్నా మూడేళ్ళు చిన్న. నోట్స్ అడగకుండానే ఇస్తారు. పరీక్షకి గడువు కావాలా అని మాస్టార్లే అడుగుతారు. అక్కర్లేకపోయినా తీసుకుంటున్నాను.

మార్చి తొమ్మిదికి నాకు పాతికేళ్ళు నిండుతాయి. పెళ్ళి లేదు, కనుచూపు మేరలో లేదు. మన ఆస్గెర్‌కి అదే, నీ సుపుత్రుడికి, పాతిక నిండిన రోజు గుర్తుందా? పెళ్ళికాకుండా పాతిక నిండినవాడికి ఆచారం ప్రకారం దాల్చినచెక్క పడాల్సిందేనని రేవులో స్తంభానికి కట్టేశాం. పొడి బాగా అంటుకోవాలని ముందు బకెట్ నీళ్ళు పోసింది నేనే. తర్వాత రెండు కిలోల దాల్చినచెక్క పొడి! కళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు వాడికి. "మారెన్, నీ రోజూ వస్తుందే!" అని అరిచాడు. అది జూన్. అక్టోబరులో నా మెడ మీద గడ్డ బయటపడింది.

మా హాస్టల్లో మొన్న నవంబరులో మా అంతస్తు అబ్బాయి సోఫుస్‌కి పడింది. కింద సైకిళ్ళ స్టాండుకి కట్టేశారు. నన్ను మాత్రం "చలిలో నువ్వెందుకు" అని లోపలే ఉంచారు. కిటికీలోంచి చూశాను. వాళ్ళు నవ్వుతున్నట్టు తెలిసింది కానీ అద్దం మందం, వినబడలేదు.

మార్చి తొమ్మిదిన నా విషయంలో ఏం చేస్తారో చూడాలి. నేనేమీ అనలేదు, ఏమీ అడగలేదు. దుకాణంలో మసాలాల అర దాటినప్పుడల్లా దాల్చినచెక్క డబ్బాలు ఎన్నున్నాయో చూస్తున్నాను. పాత వానకోటు ఒకటి తీసి తలుపు వెనక తగిలించాను. ఆ రోజు ఎక్కడికీ వెళ్ళను.

భయమా, సంతోషమా అని అడక్కు. వైద్యం అయ్యాక నాకేదీ అలా పేరు పెట్టుకుని రావట్లేదు. పన్ను పీకేముందు మత్తిచ్చాక పెదవి ఉందని తెలుస్తుంది, ముట్టుకుంటే తెలియదు. అలా ఉంది. నొప్పి మాత్రం లేదు.

నీ
మారెన్


వెస్టెరో, లేసో
27 జనవరి

మారెనూ,

మేజోళ్ళు రెండూ ఒకటే పొడుగు. నీ కాళ్ళే తేడా, మీ నాన్నవీ అంతే.

నీ ఉత్తరం మూడు రోజులు అవతలి ఒడ్డున పడుంది. గాలికి పడవ కదల్లేదు. నాలుగో రోజు నేనే రేవుకెళ్ళి ఉత్తరాల సంచి ఎక్కడని అడిగాను. కొత్త పోస్టుమాన్ కారు దిగడు, అద్దంలోంచి చెయ్యి చాపి పక్కింటివాళ్ళ కరెంటు బిల్లు నా పెట్టెలో పడేసి పోతాడు. ఏమయ్యా అంటే "రెండిళ్ళకీ మధ్య పది అడుగులే కదమ్మా" అంటాడు. పది అడుగులు తక్కువా! నేను ఒంటికాలి మీద మంచులో నిలబడి కూడా పేరు చూసి వేసినదాన్ని.

ఆస్గెర్‌ని ఆ ఆల్బోర్గ్ పిల్ల వదిలేసింది. వీడు పడవకి కొత్త ఇంజను కొన్నాడు. పొద్దస్తమానం దాంతోనే కబుర్లు. ఇంజనైతే వదిలిపోదులే అన్నాను. నవ్వలేదు.

ఇక నీ సంగతి. ఉత్తరం మూడుసార్లు చదివాను. డబ్బాలు లెక్కపెట్టడం, కోటు సిద్ధంగా పెట్టుకోవడం, ఆ రోజు గది దాటనని అనడం. పైకి హాస్యంగా రాశావు కానీ నాకు తెలియదా? పిల్లా, ఆస్గెర్‌వి ఎద్దు ఊపిరితిత్తులు, వాడే నాలుగు రోజులు గోధుమరంగు దగ్గు దగ్గాడు. నీకు గడ్డ కరిగించిన మందే ఊపిరితిత్తుల్ని గరుకు చేసింది. దుమ్ము, పొగ దరిదాపులకి పోవద్దని డాక్టరు చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నువ్వు కిటికీలోంచి పార్కింగ్ చూస్తున్నావు.

ఎవరూ నీ జోలికి రారు. గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపో.

రాత్రిళ్ళు దగ్గు వస్తోందా? వస్తోందా లేదా అన్నదానికి ఒక్క మాటలో జవాబు రాయి, పెదవులు పళ్ళు అని రాయకు.

గుద్రూన్


ఓర్హూస్,
11 మార్చి

అత్తా,

దగ్గు వస్తోంది, కొంచెం. జూన్‌లో మళ్ళీ స్కానింగు ఉంది, అప్పుడు చెబుతారు.

పుట్టినరోజు జరిగింది. నువ్వు అడుగుతావు కాబట్టి వరసగా రాస్తాను.

పొద్దున ఏడింటికి ఆ పాత వానకోటు తొడుక్కుని కిందికి దిగాను. సైకిళ్ళ స్టాండు దగ్గర నిలబడ్డాను, నా సైకిల్ తాళం పట్టేసినట్టు. తాళానికి ఏమీ కాలేదు. ఎనిమిదిన్నర దాకా దాన్ని తిప్పుతూనే ఉన్నాను. అందరూ అటే క్లాసులకి పోవాలి కదా. తిల్దే "పుట్టినరోజు శుభాకాంక్షలు!" అని కావలించుకుంది, గుడ్డుని పట్టుకున్నట్టు. చివర సోఫుస్ వచ్చాడు. నా కోటు వంక చూశాడు. "చలేస్తుంది, లోపలికి పో" అన్నాడు.

సాయంత్రం వంటగదిలో బల్ల నిండా చిన్న జెండాలు గుచ్చారు. పాట పాడారు. కేకుతో మనిషి బొమ్మని చేశారు, అంటే ఆడమనిషిని. లికరైస్ మిఠాయి తాళ్ళతో జుట్టు పెట్టారు. ఎంత జుట్టనుకున్నావు! నడుం దాకా. అంత జుట్టు నాకు జబ్బుకి ముందు కూడా లేదు. కత్తి చేతికిచ్చారు. మన పుట్టినరోజుల్లో ముందు ఆ బొమ్మ మెడ కోస్తాం కదా, కోస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు గొంతు చించుకుని అరుస్తారు కదా. చూస్తే మెడ లేదు. తల తిన్నగా భుజాల మీద కూర్చుని ఉంది, మంచుమనిషికిలాగ. నా మెడ మీద కోత గీత ఉంది కాబట్టి అది నాకు గుర్తుకు రాకూడదని. ఎంతమంది కూర్చుని మాట్లాడుకుని ఉంటారో చూడు! సోఫుస్ మెల్లిగా "కాళ్ళ దగ్గర మొదలెట్టు" అన్నాడు. కోశాను. చివర గది అమ్మాయి అలవాటు కొద్దీ అరవబోయి నోరు తెరిచింది. తిల్దే మోచేత్తో దాని డొక్కలో ఒక్కటి పొడిచింది. ఆ మోచెయ్యి నాకు పడి ఉంటే బాగుండేదని ఒక ఆలోచన వచ్చి పోయింది.

ఆఖర్న బొటనవేలంత గాజు సీసా ఇచ్చారు, ఎర్ర రిబ్బన్ కట్టి. అందులో దాల్చినచెక్క పొడి. "గుర్తుగా" అన్నారు. థాంక్స్ చెప్పాను. కేకు బాగుంది, రెండు ముక్కలు తిన్నాను. కోటు మడిచి సంచిలో పెట్టేశాను.

అంతే. బాగానే జరిగింది.

మారెన్


వెస్టెరో,
20 మార్చి

మారెనూ,

నీ ఉత్తరం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. రేవు దగ్గరే, చలిలోనే చించి చదివేశాను. కోటు తొడుక్కుని సైకిల్ పక్కనే నిలబడ్డావా! తెలివైనదానివి. ఎవరైనా డబ్బా ఎత్తుకుని వచ్చి ఉంటే ఎక్కి తుర్రుమనేదానివి.

పిల్లలు మంచివాళ్ళు. మాట నిలబెట్టుకున్నారు. ఈ కాలం పిల్లలు మాట వినరంటారు కానీ అదంతా ఉత్తదే. మెడలేని కేకు సంగతికి మాత్రం నవ్వొచ్చింది, అది వాళ్ళ సొంత బుర్రే.

ఇక్కడ సముద్రపు పాచితో నేసిన పాత ఇళ్ళ కప్పులన్నీ విప్పి కొత్త పాచి వేస్తున్నారు. ఊరంతా ఆ వాసనే. ఆస్గెర్ చేతులు కడిగినా పోవట్లేదు, ఏ పిల్లొస్తుంది వీడికి?

కొంచెం దగ్గు అంటే ఎంత? పొడి దగ్గా, తడి దగ్గా?

గుద్రూన్


ఓర్హూస్,
24 మార్చి

ఏ మాట?

ఎవరు ఎవరికిచ్చారు?

మారెన్


వెస్టెరో,
4 ఏప్రిల్

మారెనూ,

ఫోన్ చేస్తే ఎత్తట్లేదు. సరే, కాగితమే ఉంది.

నేనే రాశాను. జనవరిలో నీ ఉత్తరం అందిన మర్నాడే. పేరు తెలియదు కాబట్టి కవరు మీద "మారెన్ ఉండే అంతస్తు వంటగదికి" అని నీ హాస్టల్ అడ్రసు వేశాను. చేరింది చూశావా. తిల్దే అనే పిల్ల జవాబు కూడా రాసింది, గుండ్రటి అక్షరాలు. "మేం జాగ్రత్తగా ఉంటాం, మీరు దిగులుపడకండి" అని.

నేను రాసింది దాచను. నీ ఊపిరితిత్తులు మందుకి దెబ్బతిన్నాయని రాశాను. ఆ పొడి ముక్కులోకి పోతే ఆసుపత్రే గతి అని రాశాను. నువ్వు ఆ రోజు తలుచుకుని భయపడుతున్నావని, కానీ అభిమానం కొద్దీ చెప్పుకోలేవని రాశాను. దయచేసి వదిలెయ్యండి, నేను చెప్పానని చెప్పకండి అని రాశాను.

నిన్న నీ ఉత్తరాలన్నీ ఆస్గెర్ ముందు పెట్టాను, ఇందులో ఇంత కోపానికి ఏముందో నువ్వే చెప్పరా అని. వాడు ఇంజను నూనె చేతులతోనే చదివాడు. చదివి కాగితాలు నా ముందుకే తోశాడు. "అమ్మా, ఇది భయపడటం కాదే. గంటన్నర నిలబడింది. వాళ్ళు వస్తారని ఎదురుచూసింది" అన్నాడు. "పొడి కొట్టించుకోవడానికి ఎదురుచూస్తారుట్రా?" అన్నాను. "ఎవరూ కొట్టకపోతే చూస్తారు" అన్నాడు.

మళ్ళీ మొదటినుంచి చదివాను. ఈసారి వేరే ఉత్తరాల్లా కనిపించాయి.

ముప్పై ఏళ్ళలో ఒక్క ఉత్తరం తప్పు ఇంట్లో వెయ్యలేదు నేను.

అయినా ఒకటి చెబుతా. పొడి పడనివ్వనందుకు నేను క్షమాపణ చెప్పను. ఆ చలికాలం వార్డులో నీ మంచం పక్కన నాకు ముఖానికి గుడ్డ కట్టి కూర్చోబెట్టారు, నా ఊపిరి నీకు తగలకూడదని. అప్పుడు బిగబట్టినదాన్ని ఇంకా పూర్తిగా వదల్లేదు. నీ వెనక చేశాను చూడు, నీ పేరు మీద భయం రాసిచ్చాను చూడు, అది తప్పు. దానికి నన్ను ఏమన్నా పడతాను.

ఏదో ఒకటి రాయి. తిట్టయినా సరే.

మీ అత్త
గుద్రూన్


ఓర్హూస్,
29 ఏప్రిల్

అత్తా,

తిట్టడానికి మూడుసార్లు కూర్చున్నాను, కుదరలేదు. కోపం కావాలంటే ఉంది, గుప్పెట్లోకి రాదు. అందుకే ఇన్నాళ్ళు పట్టింది.

నీ ఉత్తరం అందిన రోజున వంటగదిలోకి వెళ్ళి "మా అత్త రాసిన కాగితం ఎక్కడుంది?" అన్నాను. అందరూ గిన్నెల్లోకి చూశారు. తిల్దే లేచి కత్తెరలుండే సొరుగులోంచి తీసిచ్చింది. నిలబడే పైకి చదివాను, మొదటినుంచి చివరిదాకా. "అభిమానం కొద్దీ చెప్పుకోలేదు" అన్న చోట నా గొంతు ఏమీ మారలేదు. నాకే వింతగా అనిపించింది, వార్తలు చదువుతున్నట్టుంది.

"ఎందుకు చెప్పలేదు నాకు?" అన్నాను.

తిల్దే తల వాలింది. "మారెన్, మేం నీ మంచికే..."

"నీ తల నిటారుగా పెట్టి చెప్పు."

పెట్టింది పాపం. పెట్టాక మాట రాలేదు.

అప్పుడు సోఫుస్ చెంచా కింద పెట్టాడు. "నేనొకటి చెప్పనా? ఆగస్టులో చేరావు. ఇవాళ్టిదాకా ఒక్క గిన్నె కడగలేదు. నీ ఓట్స్ గంజి గిన్నె రోజూ నేను కడుగుతున్నాను. ఎండి గోడకి సున్నంలా అంటుకుపోతుంది అది. ఆ సంగతి కూడా రాశారా మీ అత్తగారు?"

"సోఫుస్!" అంది తిల్దే.

"ఏమిటి, సోఫుస్ సోఫుస్ అని? కేన్సర్‌కీ గంజి గిన్నెకీ ఏమిటి సంబంధం?" అన్నాడు వాడు.

"నన్ను పట్టికలో వెయ్యలేదు కదా మీరు!" అన్నాను.

"వెయ్యమని అడిగావా? 'కూర్చో' అనగానే కూర్చున్నావు. ఎనిమిది నెలలుగా కూర్చునే ఉన్నావు."

నా చెవులు వేడెక్కాయి అత్తా. ఏమనాలో తోచక "మరి నువ్వు కాఫీ వడకట్టే గుడ్డ? వారం నుంచి సింకులో నాచు పడుతోంది" అన్నాను. "అది తిల్దేది" అన్నాడు. "నాదా! ఎప్పుడు చూశావురా నేను కాఫీ తాగడం?" అని అది అరిచింది. ఆ తర్వాత ఎవరు ఎవరితో పోట్లాడుతున్నారో తెలియలేదు. ఎవరి జున్ను ఎవరు తిన్నారో, నవంబరులో సోఫుస్‌ని కడిగాక స్నానాలగది ఎవరు తుడిచారో, అన్నీ వచ్చాయి. చివర గది అమ్మాయి ఏడ్చి, ఏడుస్తూనే జున్ను తినేసింది. నా వంక ఎవరూ జాగ్రత్తగా చూడలేదు. ఇరవై నిమిషాలు.

అయ్యాక పెన్ను తీసుకుని పట్టికలో పన్నెండో గీత గీసి నా పేరు రాశాను. ఈ వారం నా వంతు, సింకు గొట్టం. అందులోంచి ఏం వచ్చిందో రాస్తే నువ్వు అన్నం తినవు. తిల్దే వచ్చి వంగి చూసి, "దీన్ని శుభ్రం అంటారా మీ ఊళ్ళో?" అంది. మళ్ళీ విప్పాను.

ఇప్పుడు అసలు రాయాల్సింది. ఇది రాయకుండా నీ మీద కోపం పెట్టుకోవడం న్యాయం కాదు. నువ్వు వాళ్ళకి రాసినదాంట్లో నా భయం గురించి తప్ప ఒక్క అబద్ధం లేదు. నా ఊపిరితిత్తుల సంగతి వాళ్ళకి నేను చెప్పలేదు, చెబితే మానేస్తారని. ఆ రోజు సైకిళ్ళ దగ్గర నిలబడ్డప్పుడు డాక్టరు మాట గుర్తుంది. నేను పార్కింగ్ చూస్తున్నా, విన్నాను. పొడి పడితే ఏమవుతుందో తెలిసే నిలబడ్డాను. పడనీ అనుకున్నాను. చావాలని కాదు, అలా చదవకు, నిన్ను బతిమాలుతున్నాను. అందరికీ పడేది నాకూ పడాలని, దాని తర్వాత సంగతి నాకు పట్టలేదు, అంతే. ఏదీ పట్టకపోవడం ఎంత ప్రమాదమో అప్పుడు తెలియలేదు. మొన్న సోఫుస్‌తో ఈ మాట చెప్పాను.  "నువ్వు చెప్పకుండా ఉండి, మేం తెలియక కొట్టి ఉంటే, మా గతేమిటే?" అన్నాడు. నాకు ఆ ఆలోచనే రాలేదు. మీ అందరి గతేమిటన్న ఆలోచన కూడా రాలేదు.

ఆసుపత్రిలో నాలాంటి జబ్బు వచ్చిన నా వయసువాళ్ళు మంగళవారాలు కలుస్తారని నర్సు ఎప్పటినుంచో చెబుతోంది. వెళ్ళాలో లేదో తెలియదు. నువ్వు వాళ్ళకి ఉత్తరం రాయకు.

నిన్న నేను గొట్టం కింద దూరి ఉంటే సోఫుస్ పైనుంచి అన్నాడు: "పెళ్ళి చేసుకోకపోతే ముప్పైకి మిరియాల పొడి, తెలుసుగా. దానికి మీ అత్త చీటీ చెల్లదు."

"డాక్టర్ని నేనే అడిగి చెబుతాను. ముఖానికి వద్దంటే కాళ్ళకి కొడుదురుగాని" అన్నాను, స్పానర్ తిప్పుతూ.

చేతులు కడుక్కుని గదికొచ్చాక తట్టింది. స్కానింగు నుంచి స్కానింగు దాకా తప్ప ఇన్నాళ్ళూ నేను రాబోయే రోజుల గురించి ఒక్క మాట అన్నది లేదు. మంచం మీద కూర్చుని, ఏమైనా అనిపిస్తుందేమోనని చూశాను. అనిపించలేదు. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఫోన్లో క్యాలెండరు తీసి నాకు ముప్పై నిండే రోజు దాకా జరుపుతూ పోయాను, అంత దూరం ఉంటుందో లేదోనని. ఉంది. 2023 మార్చి తొమ్మిది గురువారం.

ముందురోజు పడవకి వచ్చెయ్యి. గాలి లేస్తే ఇంకో రోజు ముందు.

మారెన్